మైలురాయి ఇంటి నిద్ర

అతనికి మైలురాయి అని పేరు పెట్టిందెవరో ఎవరికీ గుర్తులేదు. ఎందుకు పెట్టారో మాత్రం అందరికీ తెలుసు. అడిగితే దూరం చెబుతాడు, అడక్కపోతే నోరు విప్పడు. ఆసుపత్రి ఎక్కడండీ అని దారిన పోయేవాళ్ళు అడిగితే, "మూడో గేర్లో ఆరు నిమిషాలు" అనేవాడు. నడిచి వెళ్ళేవాడికి ఆ లెక్కతో ఏం పనో అతనికి తట్టేది కాదు.

ఇరవై మూడేళ్ళపాటు ఒక్క యజమాని దగ్గరే లారీ తోలాడు. పద్నాలుగు చక్రాల బండి, ఇద్దరు డ్రైవర్లు. బయల్దేరితే పది పన్నెండు రోజులకిగాని ఇల్లు చేరడు. చేరాక రెండు రోజులుంటాడు. ఆ రెండు రోజులూ భార్య తన కుట్టుమిషన్లకి సెలవిచ్చి, చుట్టం వచ్చినట్టు కొత్త దుప్పటి పరిచేది. రెండు రోజులూ అతనికి సరిగ్గా నిద్ర పట్టేది కాదు. ఇల్లు చేరిన సంబరం కాబోలు అనుకునేవాడు. మూడో రోజు బండెక్కి జోడీ డ్రైవరు చేతికి స్టీరింగిచ్చి, వెనక పరుపు మీద వాలాడంటే ఊరి పొలిమేర దాటకుండానే గుర్రు పెట్టేవాడు.

మైలురాయికి నలభై తొమ్మిదేళ్ళప్పుడు యజమాని కాళ్ళూచేతులూ పడిపోయి బళ్ళన్నీ అమ్మేశాడు. ఇతను నాలుగు రోజులు గుమ్మంలో కూర్చున్నాడు. ఐదో రోజు లేచి, "ఈసారి వాళ్ళు నన్ను ఏరుకోవడం కాదు, నేనే కంపెనీని ఏరుకుంటాను" అన్నాడు. అప్పటికి డ్రైవర్ల కరువు బాగా ముదిరి ఉంది కాబట్టి ఈ మాట విని ఎవరూ నవ్వలేదు.

పాత ట్రిప్పు షీటు వెనక మూడు ప్రశ్నలు రాసుకున్నాడు. రూటేది? ఇంటికి ఎన్నాళ్ళకొకసారి? కొత్త బండి నేర్పిస్తారా, తాళం చేతికిచ్చి పొమ్మంటారా? ఈ మూడూ ముగ్గురు మేనేజర్లని అడిగాడు. భార్యని మాత్రం ఒక్కటీ అడగలేదు. మొగుడు రోజూ ఇంటికొస్తానంటే కాదనే ఆడది ఎక్కడైనా ఉంటుందా అన్నది అతని ధీమా.

మొదటి కంపెనీ ఆఫీసులో కూర్చుంటే లోపలికి దిగిపోయే సోఫా ఉంది. మేనేజరు టీ తెప్పించి, "మా దగ్గర నెలకి ఎనిమిది రోజులు ఇల్లు గ్యారంటీ" అన్నాడు. మైలురాయి టీ తాగి, వెనక యార్డులోకి వెళ్ళి, ఆగి ఉన్న బళ్ళ కేబిన్లలోకి ఒక్కొక్కటిగా తొంగి చూశాడు. పాతకాలపు డ్రైవర్లకి అదొక అలవాటు. మేనేజరు ఎన్ని చెప్పినా తలూపి, ఆఖరికి సీటు వెనకున్న పరుపు చూసి లెక్క తేల్చుకుంటారు. అక్కడి పరుపులు మధ్యలో గుంట పడి ఉన్నాయి. ఒకదాని పక్కన అద్దం, దువ్వెన, తడి తువ్వాలు ఆరేసిన తాడు, పిల్లల ఫోటో, మందు సీసాలు వరసగా ఉన్నాయి.

"బండి కాదిది, కాపురం" అనుకుని బయటికొచ్చేశాడు.

రెండోది కంకర తోలే కంపెనీ. పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చెయ్యచ్చు. నేర్పిస్తారా అని అడిగితే యార్డు మేస్త్రీ పళ్ళు కుట్టుకుంటున్నవాడల్లా పుల్ల తీసి, "నేర్పడమేంటన్నా, నాలుగుసార్లు గోతిలో దిగితే బండే నేర్పుతుంది" అన్నాడు. మైలురాయి స్టీరింగు పట్టుకుని చూశాడు. జానెడు తిప్పితేగాని చక్రం కదిలేట్టు లేదు. మేస్త్రీకి ఓ నమస్కారం పెట్టి దిగిపోయాడు.

మూడోది పార్సిళ్ళ కంపెనీ. దాని పద్ధతే వేరు. ఇక్కడి డ్రైవరు సాయంత్రం బయల్దేరి ఐదు గంటలు తోలి సగం దారిలో ఆగుతాడు. అవతలి ఊరి డ్రైవరూ అక్కడికే వస్తాడు. ఇద్దరూ బళ్ళు మార్చుకుని ఎవరి ఊరికి వాళ్ళు తిరిగొస్తారు. సరుకు ముందుకి పోతుంది, మనిషి ఇంటికి పోతాడు. మైలురాయి అలవాటు ప్రకారం కేబిన్లోకి తొంగి చూసి, నమ్మలేక పైకెక్కి చేత్తో తడిమాడు. పరుపు మీద ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది.

"బండి కొత్తదా తమ్ముడూ?" అని పక్కనున్న డ్రైవర్ని అడిగాడు.

"రెండేళ్ళయిందన్నా."

"మరి కవరు తియ్యలేదే?"

"తీసి ఎవరు పడుకుంటారు? రోజూ ఇంట్లోనేగా."

అప్పటికప్పుడు సంతకం పెట్టేశాడు మైలురాయి. ఆ కవరు మీది దుమ్ము చూసినప్పుడు అతనికి కలిగిన ఆనందం కూతురు పుట్టినప్పుడు కూడా కలిగి ఉండదు. కూతురు పుట్టినరోజున అతను ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల టైరు మారుస్తున్నాడు మరి. ఆ పిల్ల ఇప్పుడు నర్సు ట్రైనింగులో చేరి హాస్టల్లో ఉంటోంది.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. వాళ్ళ ముందుగదే ఆవిడ కార్ఖానా. నాలుగు మోటారు మిషన్లు, మధ్యలో కత్తిరింపు బల్ల, గోడవారన బట్టల మూటలు. పన్నెండేళ్ళుగా బడిపిల్లల యూనిఫారాలు, ఆసుపత్రి కోట్లు కుడుతున్నారు. ఆవిడ కింద ఇద్దరు పనిచేస్తారు. ఒకరు వయసులో అందరికంటే పెద్దావిడ, పెద్దక్క అంటారు. రెండోది నోటికి మూత లేని పిల్ల, గలగల అంటారు. ముందుగది వెనక ఒక పడగ్గది, దాని వెనక వంటిల్లు. ఇంటి మొత్తం పొడవు, మైలురాయి లెక్కలో చెప్పాలంటే, ఒక లారీ, ఇంకో అర.

"రోజూనా?" అంది భార్య, పెదాల మధ్యనుంచి గుండుసూది తీసి.

"రోజూ. పొద్దున్న ఏడింటికి వస్తా, సాయంత్రం ఏడింటికి వెళ్తా."

"అంటే పగలంతా ఇక్కడే ఉంటారు."

"ఇక్కడే!"

"మంచిదేగా" అంది ఆవిడ. అని, నాలుగు మిషన్ల వంకా ఒకసారి చూసింది. మైలురాయి ఆ చూపు గమనించలేదు. ఎదురొచ్చే బండి చూపు కిలోమీటరు దూరంనుంచే పసిగట్టే మనిషి, రెండడుగుల దూరంలో ఉన్న చూపు ఎందుకు పట్టుకోలేకపోయాడో చెప్పడం కష్టం.

ట్రైనింగు పన్నెండు రోజులు. నేర్పే కుర్రాయన ఇస్త్రీ చొక్కా నలగకుండా బండి ఎక్కి, నలగకుండా దిగేవాడు. కొత్త బళ్ళకి క్లచ్చి లేదు. ఇరవై మూడేళ్ళు తొక్కీ తొక్కీ కాయలు కాచిన ఎడమకాలికి ఒక్కసారిగా పనిలోంచి తీసేసినట్టయింది. అది ఊరుకోలేక ఖాళీ నేలనే తొక్కుతూ ఉండేది. అయినా మైలురాయి శ్రద్ధగానే నేర్చుకున్నాడు. ఆఖరి రెండు రోజులూ బండి గురించి కాదు, నిద్ర గురించి చెప్పారు.

"నిద్ర కూడా డ్యూటీలో భాగమేనండీ" అన్నాడు ఇస్త్రీ చొక్కాయన, తెర మీద చీకటిగది బొమ్మ చూపిస్తూ. "పగలు పడుకునేవాళ్ళకి కావలసింది నిశ్శబ్దం. పూర్తి నిశ్శబ్దం. ఇంట్లోవాళ్ళు సహకరించాలి."

అందరి చేతికీ గడియారం లాంటి పట్టీ ఒకటి కట్టారు. ఎన్ని గంటలు పడుకున్నదీ అది కంపెనీకి చెబుతుందట. రోజుకి ఆరు గంటలకి తగ్గకూడదు. నెల రోజులు వరసగా తగ్గితే ఆ డ్రైవరు మార్పిడి రూటుకి పనికిరాడని లాంగ్ రూటుకి పంపేస్తారు. ఇద్దరు డ్రైవర్లు, పదిరోజుల ట్రిప్పు, వెనక పరుపు. తప్పించుకొచ్చిన చోటికే పంపిస్తామంటున్నారు.

నిద్ర సూత్రాలు అచ్చేసిన కాగితం ఒకటిచ్చి, ఇంట్లోవాళ్ళ సంతకం తెమ్మన్నారు. భార్య దాన్ని రెండుసార్లు చదివింది. రెండోసారి చదువుతున్నప్పుడు కుడికాలు మిషను పెడల్ మీద ఉంది. కాలు తీసేసి సంతకం పెట్టింది. కాగితాన్ని గోడకి అంటించింది.

"నోరు కూడా ఆపాలా వదినా?" అంది గలగల.

"ముందు ఆపాల్సింది అదే."

మొదటిరోజు పొద్దున్న ఏడింటికి ఇల్లు చేరి, స్నానం చేసి, తిని, ఎనిమిదిన్నరకి పడుకున్నాడు మైలురాయి. కిటికీకి భార్య నల్లగుడ్డ కుట్టి తగిలించింది. తొమ్మిదింటికి ఆడవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని, దొంగల్లా లోపలికి వచ్చారు. మిషన్ల జోలికి పోలేదు. గుండీలు కుట్టడం, అంచులు మడవడం లాంటి చేతిపని పెట్టుకున్నారు. కత్తెర కింద పెడితే చప్పుడవుతుందని ఒళ్ళో పెట్టుకున్నారు. పెద్దక్కకి దగ్గొస్తే వీధిలోకి వెళ్ళి దగ్గి వచ్చింది.

లోపల మైలురాయి ఉలిక్కిపడి లేచాడు. నిండా నలభై నిమిషాలు కాలేదు. ఎందుకు లేచాడో అంతుపట్టలేదు. చెవులు రిక్కించి విన్నాడు. ఏమీ లేదు. ఇల్లంతా ఊపిరి బిగబట్టుకున్నట్టుంది. మళ్ళీ కునుకు పట్టింది, మళ్ళీ ఉలిక్కిపడ్డాడు. సాయంత్రానికి పట్టీ చూసుకుంటే మూడు గంటలకి పది నిమిషాలు తక్కువ.

ఎర్రబడ్డ కళ్ళతో అతను బయటికి రాగానే ముగ్గురూ తలలు వంచుకున్నారు.

"నువ్వు తుమ్మడం వల్లే" అని గలగలని గుసగుసగా కసిరింది పెద్దక్క.

"చీమ తుమ్మినట్టు తుమ్మాను అత్తా! అంతకంటే చిన్నగా ఎలా తుమ్మను?"

వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. ఇంట్లో సద్దు తగ్గేకొద్దీ మైలురాయి నిద్రా తగ్గింది. నిద్ర తగ్గేకొద్దీ ఆడవాళ్ళు ఇంకా సద్దు తగ్గించారు. గోడగడియారంలో బ్యాటరీ తీసేశారు. గిన్నెల కింద గుడ్డలు పరిచారు. మిషను పని అంతా రాత్రికి వాయిదా పడుతూ, భార్య కళ్ళూ ఎర్రబడ్డాయి. మొగుడూ పెళ్ళాలు పొద్దున్నే ఎదురుపడితే, ఒకే జబ్బుతో ఉన్న ఇద్దరు రోగులు ఆసుపత్రి వరండాలో ఎదురైనట్టుండేది. తన కోసం ఇంతమంది నోళ్ళు కుట్టుకుని కూర్చుంటే నిద్ర పట్టడం లేదని ఏ మొహంతో చెప్పనని అతను. ఇంత చేసినా ఈయనకి చాలడం లేదు కాబోలు, నోరు తెరిచి అనడంలేదంతే అని ఆవిడ.

మూడో వారం చివర్లో కంపెనీ నుంచి ఫోనొచ్చింది. ఇస్త్రీ చొక్కాయన గొంతు చాలా మర్యాదగా ఉంది. "సగటు మూడు గంటలు దాటడం లేదండీ. ఇంకొక్క వారం చూస్తాం. ఆ తరవాత మా చేతుల్లో ఉండదు. మీకు లాంగ్ రూటులో మంచి అనుభవం ఉంది కదా, పెద్ద ఇబ్బంది అవదు."

ఫోను పెట్టేసి మైలురాయి చాలాసేపు ఆ పట్టీ వంకే చూస్తూ కూర్చున్నాడు. భార్య అంతా వింది. శుక్రవారం సాయంత్రం అతను డ్యూటీకి బయల్దేరుతుంటే చెప్పులు అందిస్తూ, "సోమవారం నుంచి మిషన్లు ఇక్కడ ఉండవు. బజారు వెనక ఒక గది చూశాను" అంది.

"ఎందుకూ?"

"ఎందుకేమిటి? మీరు పడుకోవాలని. పొద్దున్నే మేం అక్కడికి పోతాం, పొద్దుపోయాక వస్తాం. ఇల్లంతా మీదే, హాయిగా పడుకోండి."

మైలురాయి ఏదో అనబోయాడు. అతను ఏడింటికి వచ్చేసరికి ఆవిడ వెళ్ళబోతూ ఉంటుంది. ఆవిడ వచ్చేసరికి అతను వెళ్ళిపోతూ ఉంటాడు. సగం దారిలో బళ్ళు మార్చుకునే డ్రైవర్లయినా పది నిమిషాలు నిలబడి టీ తాగుతారు. వీళ్ళకి గుమ్మంలో ఆ పాటి తీరికైనా ఉంటుందో ఉండదో. ఇదంతా కడుపులో ఉంది. నోట్లోంచి మాత్రం, "ఎంత దూరం?" అని ఒక్కటే వచ్చింది.

"మీ లెక్కలో రెండో గేర్లో మూడు నిమిషాలు" అంది భార్య. నవ్వుతుందేమో అని చూశాడు. నవ్వలేదు.

మర్నాడు శనివారం. ఆసుపత్రి వాళ్ళ కోట్లు సాయంత్రం నాలుగింటికి అప్పగించాలి. గుండీలు, అంచులు అన్నీ సిద్ధంగా ఉన్నాయి, కోట్లే లేవు. చేతులు, మెడలు, వీపులు విడివిడిగా మూటల్లో పడి ఉన్నాయి. భార్య తొమ్మిదిన్నరదాకా తటపటాయించి, ఆఖరికి పళ్ళు బిగించి అంది.

"మిషన్లు వెయ్యండే. ఆయన లేస్తే లేవనీ. మాట పడితే నేను పడతాను."

మూడు మోటార్లు ఒక్కసారి అందుకున్నాయి. నేల సన్నగా అదరడం మొదలెట్టింది. గలగల మూడు వారాల మాటలూ కట్ట తెగినట్టు వదిలేసింది. భార్య ఒక కన్ను కుట్టు మీద, ఒక కన్ను పడగ్గది తలుపు మీద వేసి ఉంచింది. పది అయింది, తలుపు తెరుచుకోలేదు. పదకొండయింది. పన్నెండింటికి ఆవిడకి గుబులు పుట్టి, లేచి వెళ్ళి తలుపు సందులోంచి చూసింది. మైలురాయి నోరు తెరుచుకుని, ఒక చెయ్యి మంచం మీదినుంచి వేలాడేసి, కొయ్యలా పడి ఉన్నాడు. దగ్గరికెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టింది.

"ఊపిరుందా వదినా?" అని గుమ్మంలోంచి అడిగింది గలగల.

"నోర్ముయ్. ఉంది."

"అయితే గుర్రు ఏదీ?"

"మన మిషన్ల మోతలో వినపడ్డం లేదు."

ఒంటిగంటా ఇరవై నిమిషాలకి కరెంటు పోయింది. మూడు మోటార్లూ ఊపిరి వదిలినట్టు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఎవరైనా పెదవి కదిపేలోపే లోపల దబ్బుమని చప్పుడయింది. తలుపు తోసుకుని మైలురాయి వచ్చాడు. ఒంటి మీద బనియను. కళ్ళు సగమే తెరుచుకున్నాయి. కుడిచేత్తో గోడమీద దేనికోసమో తడుముతున్నాడు. కేబిన్ తలుపు గొళ్ళెం ఉండే ఎత్తులో.

"ఎందుకాపావురా? ఏమైంది? టైరా?"

పెద్దక్క దారపు ఉండ జారవిడిచింది. అది దొర్లుకుంటూ వెళ్ళి మైలురాయి కాలికి తగిలి ఆగింది. అప్పటికి అతనికి మెలకువ పూర్తిగా వచ్చింది. గలగల కోటు చెయ్యి నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

"టైరు కాదన్నయ్యా, కరెంటు" అంది ఎలాగో.

మైలురాయి ఖాళీగా ఉన్న నాలుగో మిషను ముందు స్టూలు మీద కూలబడ్డాడు. జీవితంలో అంత పొడుగు మాట అతను ఎప్పుడూ మాట్లాడి ఉండడు.

"ఇద్దరు డ్రైవర్ల బండిలో ఒకడు తోలుతుంటే ఒకడు పడుకుంటాడు. ఇంజను మోగుతున్నంతసేపూ వాడికి దిగుల్లేదు. ఆగిందంటే ఏదో అయిందని. టైరు పోయిందో, పోలీసులాపారో, తోలేవాడికి కునుకొచ్చి అంచుకి తీసుకుపోయాడో. బండి ఆగాక కూడా పడుకుని ఉంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకని ఆగితే చాలు, లేచిపోతాం. ఇరవై మూడేళ్ళు..." అని ఆగాడు. తను చెబుతున్నదేమిటో తనకే అప్పుడు అర్థమైంది. "ఇల్లు ఆగిపోయినట్టుంటోందే. అందుకే లేస్తున్నాను."

భార్య నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "ఈ ముక్క మూడు వారాల కింద చెప్పడానికి నోటికేం అడ్డమొచ్చింది?"

"నాకు మాత్రం ఏం తెలుసు? అయినా నువ్వు పని మానుకుని నా కోసం బొమ్మలా కూర్చుంటే, నీ నిశ్శబ్దం నాకు పడటంలేదని ఎలా అనను?"

"నేను బొమ్మలా కూర్చున్నది మీ కంపెనీ కాగితం చూసి. అందులో మోటారు వెయ్యమని ఉంటే మోటారే వేసేదాన్ని! గడియారంలో బ్యాటరీ కూడా పీకానండీ. మూడు వారాల్నించి టైమెంతో తెలీకుండా బతుకుతున్నాం."

"పాపం, అత్త ప్రతి దగ్గుకీ వీధిలోకి పోయింది అన్నయ్యా" అంది గలగల. "వీధిలోవాళ్ళు క్షయేమోనని అడుగుతున్నారు."

కరెంటు రెండింటికి వచ్చింది. మోటార్లు అందుకున్నాయి. మైలురాయి ఎవరితోనూ చెప్పకుండా లేచి లోపలికి పోయాడు. కోట్లు నాలుగింటికి కాదుగాని ఐదున్నరకి పూర్తయ్యాయి. అతన్ని లేపడానికి ఆరున్నరకి మిషన్లు ఆపితే సరిపోయింది. ఆపే ముందు భార్య బజారు వెనక గదివాళ్ళకి ఫోను చేసి, ఆ గది అక్కర్లేదని చెప్పింది. కారణమేమిటని వాళ్ళు అడిగితే, "మా ఆయనకి చప్పుడు లేకపోతే పడదండీ" అంది.

ఆ తరవాత పట్టీ రోజుకి ఏడు గంటలు చూపించసాగింది, ఒక్కోరోజు ఏడున్నర. కంపెనీ ఇంక లాంగ్ రూటు మాట ఎత్తలేదు సరికదా, ఇస్త్రీ చొక్కాయన పరమానందపడి, కొత్తగా చేరిన డ్రైవర్లకి రెండు ముక్కలు చెప్పమని మైలురాయిని పిలిపించాడు. తెర మీద మళ్ళీ అదే చీకటిగది. ఎదురుగా పాతికమంది పుస్తకాలు తెరిచి కూర్చున్నారు.

"మూడు గంటల నుంచి ఏడు గంటలకి ఎలా వచ్చారో చెప్పండి" అన్నాడాయన.

నిజం చెబుదామనే లేచాడు మైలురాయి. పాతికమంది మొహాలూ, తెరా, మర్యాదగా నవ్వుతున్న ఆ కుర్రాయన మొహం చూశాక, మూడు మోటార్లు, కరెంటు పోవడం, గోడ తడమడం ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించాలో తెలియలేదు.

"ఇంట్లోవాళ్ళు సహకరించారండీ" అని కూర్చున్నాడు.

"చూశారా!" అన్నాడు ఇస్త్రీ చొక్కాయన. "నిశ్శబ్దం!" పాతికమందీ రాసుకున్నారు.

చిక్కల్లా ఒక్క ఆదివారంతోనే. శనివారం డ్యూటీ దిగి వచ్చేసరికి ఆదివారం పొద్దున్న అవుతుంది. పెద్దక్కకీ గలగలకీ ఆరోజు సెలవు. భార్యకీ సెలవే, పేరుకి.

అలాంటి ఓ ఆదివారం పక్కింటావిడ కత్తెర అరువడగడానికి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది. మైలురాయి భార్య గోడకి ఆనుకునున్న మిషను ముందు కూర్చుని, పెడల్ మీద కాలు వేసి, వారపత్రిక చదువుకుంటోంది. మోటారు ఆపకుండా తిరుగుతోంది. సూదిలో దారం లేదు, కింద గుడ్డా లేదు. సూది ఖాళీగా పైకీ కిందకీ ఆడుతోంది.

"ఏం కుడుతున్నావక్కా?"

"ఏమీ లేదమ్మా" అంది ఆవిడ, కాలు తియ్యకుండా పేజీ తిప్పుతూ. "మీ బావగారు ఇప్పుడే పడుకున్నారు. కత్తెర ఆ బల్ల మీదుంది, తీసుకో. కాసేపు కూర్చుని వెళ్ళకూడదూ? నువ్వోసారి కాలు వేశావంటే నేను టీ పెట్టుకొస్తాను."